తీయించుకుందా, తీయించారా?

మిరప కోతలప్పుడు పల్నాడు నుంచి దర్శి దాకా ఏ చేలోనైనా వినపడే గుసగుస ఇది: "ఆమె కడుపు తీయించుకుందట."

దానంతటది పోతే "కడుపు పోయింది" అంటాం, అయ్యో పాపం అనీ అంటాం. "తీయించుకుంది" అనేటప్పటికి గొంతు మారుతుంది. ఆ ఒక్క క్రియతో నిర్ణయమూ నిందా రెండూ ఆమె నెత్తినే పెడతాం. కడుపులో ఉన్నది ఆడపిల్లని స్కానింగ్ గదిలో ఎవరో చెవిన వేస్తే, అత్తా మొగుడూ కలిసి ఆమెను కారెక్కించిన రోజున అనాల్సిన మాట "తీయించారు". అలా లింగం చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. గోడల మీద రాసే "భ్రూణహత్య" అన్న మాట ఆ నేరానికి సంబంధించింది. ఒంట్లో రక్తం లేక, మరో కాన్పు మోయలేక తానే వద్దనుకున్న తల్లిని కూడా అదే మాటతో కొడుతున్నాం. ఇది ఊరంతా కలిసి చేస్తున్న అన్యాయం.

1971 నాటి గర్భస్రావ చట్టం ఆమెను హంతకురాలు అనలేదు. 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఉంటే చాలు. 18 నిండనివాళ్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకే సంరక్షకుల సంతకం కావాలి. భర్త అనుమతి అడగమని అందులో ఎక్కడా లేదు. ఆమె ఆరోగ్యానికి, మనసుకు హాని ఉందని ఒక డాక్టరు భావిస్తే, 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా వీలుంది. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్తను పోగొట్టుకున్నవాళ్లు వంటివారికి, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాలు. పెళ్లి కాలేదన్న కారణంతో ఈ అవకాశం కాదనకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చింది. మొగుడి బలాత్కారాన్నీ ఈ చట్టం వరకు అత్యాచారంగానే చూడాలంది.

కాబట్టి గర్భస్రావ హక్కు అంటే వద్దనుకుంటే తీయించుకోవడం. కావాలనుకుంటే, ఎంతమంది పెద్దలు కూర్చుని చెప్పినా తీయించుకోకపోవడం కూడా అదే హక్కు.

వందేళ్ల కిందట, ఊరు "చెడిపోయింది" అని వెలివేసే వితంతువుల పక్షాన ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు నిలబడింది ఈ గుంటూరులోనే. ఆ ఊరి మనుషులం మనం.

అమ్మలారా, అన్నలారా, ఈసారి చేలో ఆ గుసగుస వినపడితే ముందు అడగండి: తీయించుకుందా, తీయించారా? తానే తీయించుకుంటే ఆమె సాలు మీరు కోయండి, పెద్దాసుపత్రికి తోడు వెళ్లండి. ఆడపిల్లని తెలిసి తీయించి ఉంటే, ఆ స్కానింగ్ సెంటర్ పేరు జిల్లా వైద్యాధికారికి చెప్పండి.