తాకకుండా కొలిచే విద్య

కుళాయిని కొద్దిగా త్రిప్పినప్పుడు నీరు గాజుకడ్డీ వలె నిలకడగా జారుతుంది. మరికొంత త్రిప్పగానే ఆ నునుపు చెదరి ధార కల్లోలమవుతుంది. ఈ మార్పును 1883లో ఆస్బర్న్ రెనాల్డ్స్ మాంచెస్టరులో గాజుగొట్టంలోనికి రంగునీటి ధారను పంపి చూపినారు. ఆయన పేరిట ఏర్పడిన సంఖ్య గొట్టాలలో సుమారు 2,000 దాటిన పిమ్మట కల్లోలానికి అవకాశం కలుగుతుందని మన విద్యార్థులు వల్లె వేస్తారు. ఆ రంగుగీత చెదరడాన్ని కన్నులార చూచినవారు వారిలో ఎందరు? మా అభ్యంతరం ఇక్కడనే ఆరంభమవుతున్నది.

సంక్షుబ్ధ ప్రవాహంలో ఒక్క బిందువు వద్దనే వేగం క్షణక్షణం మారుతూ ఉంటుంది. సగటు చెబితే చాలదు, ఆ ఒడుదొడుకులనే కొలవాలి. 1732 నాటి పిటో గొట్టానికి అంతటి చురుకుదనం లేదు. వెంట్రుక కన్న సన్నని వేడి తీగకు ఉన్నది. ప్రవాహం దానిని ఎంతగా చల్లార్చినదో చూచి వేగం లెక్కిస్తారు. అయితే ఆ తీగ ప్రవాహానికి అడ్డుగా నిలువవలసినదే. మురికినీటిలో పనికిరాదు, మంటలో మిగలదు.

1964లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో యే, కమిన్స్ అను ఇరువురు నీటిలోని సూక్ష్మకణాలపై లేసరు కాంతిని ప్రసరింపజేసి, చెదరిన కాంతి పౌనఃపున్యంలోని స్వల్పభేదం నుండి వేగాన్ని రాబట్టినారు. డాప్లర్ 1842లో చెప్పిన సూత్రమే! తరువాత ప్రచారంలోకి వచ్చిన అమరికలో ఒకే కాంతిపుంజాన్ని రెండుగా చీల్చి ఒకచోట కలుపుతారు. కలిసినచోట వెలుగునీడల పట్టీలు ఏర్పడతాయి. వాటిని దాటిపోయే కణం మినుకుమినుకుమంటుంది. హీలియం-నియాన్ లేసరు తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. పుంజాల మధ్య కోణం 10 డిగ్రీలైతే పట్టీల ఎడం సుమారు 3.6 మైక్రాన్లు, సెకనుకు ఒక మీటరు పోయే కణం సెకనుకు సుమారు 2,75,000 సార్ల చొప్పున మెరుస్తుంది. ఇందులో డిగ్రీ తరగతి వ్యతికరణ పాఠాన్ని మించిన గణితమేదీ లేదు.

యంత్రం చెప్పినదంతా వేదవాక్కని మాత్రం అనుకోరాదు. అది కొలిచేది నీటిని కాదు, నీటితో కొట్టుకుపోయే కణాన్ని. కణం బరువైనదైతే సుడిని అనుసరింపదు. అంతకన్న సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది: వేగంగా పోయే నీరు అదే వ్యవధిలో ఎక్కువ కణాలను మోసుకొస్తుంది, కావున మామూలు సగటు అసలు వేగం కన్న ఎక్కువ చూపుతుంది. మెక్‌లాఫ్లిన్, టీడర్‌మన్ 1973లోనే దీనిని ఎత్తిచూపినారు. ఇట్టి సందేహం స్వయంగా కొలిచినవానికి తోచినట్లు, పాత రికార్డులోని అంకెలను కొత్త రికార్డులోనికి ఎక్కించేవానికి తోచదు. అనేక కళాశాలలలో ప్రయోగమనగా ఈ ఎక్కింపే అయినదని చెప్పుటకు మేము సంకోచించము.

లక్షల రూపాయల పరికరం కొనుమని పాలకవర్గం వారిని మేము కోరడం లేదు. వివర్తన ప్రయోగాలకు వాడే చిన్న లేసరు, పుంజాన్ని చీల్చే గాజుపలక, రెండు అద్దాలు, ఒక కటకం, కాంతిగ్రాహకం, గాజుతొట్టి, నీటిలో ఒకటి రెండు పాలచుక్కలు చాలును. కన్నులకు కాంతి తగులకుండా అధ్యాపకులు దగ్గర నిలువవలెను. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున నీరు పారితే మెరుపులు సెకనుకు సుమారు 2,750. అది చెవికందే స్వరం. ఆ సంకేతాన్ని వర్ధకం ద్వారా స్పీకరుకు కలిపి, నీటి నడకను విద్యార్థులకు ముందు వినిపించండి. సూత్రాన్ని నల్లబల్లపై ఆ తరువాత వ్రాయవచ్చును.