ఆడలేనివాడు ఆట నేర్పగలడా?



ఆటల పీరియడ్‌లో టీము వేసుకునేటప్పుడు చివరిదాకా ఎవరూ పిలవనివాళ్లు ఇద్దరు ముగ్గురు మిగిలిపోతారు. "వాడికి ఆట రాదు, బయట కూర్చోబెట్టండి" అంటాం. కూర్చున్నవాడు కూడా "నావల్ల కాదులే" అనుకుంటాడు. ఇద్దరిదీ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి గ్రాహం పాటర్ అనే ఆయన సంగతి రాస్తున్నాను.

పాటర్ ఇంగ్లాండు దేశస్థుడు. 1975లో సోలిహల్ అనే ఊళ్లో పుట్టాడు. ఫుట్‌బాల్‌లో ఎడమవైపు వెనక ఉండి, ఎదుటివాళ్లను గోల్ దాకా రానీకుండా అడ్డుకునే ఆటగాడు. గొప్ప పేరున్నవాడేం కాదు. బర్మింగ్‌హామ్, స్టోక్, సౌతాంప్టన్, వెస్ట్ బ్రామ్‌విచ్, యార్క్, బోస్టన్, మాక్లెస్‌ఫీల్డ్ అంటూ ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు తిరిగాడు. ఆ దేశంలో అన్నిటికన్నా పై మెట్టు ప్రీమియర్ లీగ్. అందులో ఆయన ఆడినవి 8 మ్యాచులే. ఇంగ్లాండు పెద్దల జట్టుకు ఒక్కసారి కూడా ఆడలేదు. 2005లో, 30 ఏళ్ల వయసులో ఆట మానేశాడు.

ఇంతవరకు వింటే "ఇందులో ఏముంది?" అంటారు. అసలు సంగతి వేరే ఉంది. ఆడుతున్న రోజుల్లోనే ఆయన ఓపెన్ యూనివర్సిటీలో చేరి సామాజిక శాస్త్రాలు చదివాడు. ఆట మానేసిన 2005లోనే డిగ్రీ పూర్తయింది. తర్వాత యూనివర్సిటీ విద్యార్థులకు ఆట నేర్పుతూనే, మనుషుల్ని నడిపించడం ఎట్లా, వాళ్ల మనసు తెలుసుకోవడం ఎట్లా అనే విషయం మీద పై చదువు చదివాడు. ఆట ఉంటే చదువు రాదు, చదువు ఉంటే ఆట రాదు అనేవాళ్లకు ఇదొక జవాబు.

2010 చివర్లో స్వీడన్ దేశంలోని ఓస్టర్‌సుండ్ క్లబ్బు ఆయన్ని కోచ్‌గా పిలిచింది. చలికాలమంతా మంచు కప్పే ఊరు. జనాభా 50 వేల దరిదాపు. జట్టు అప్పుడే నాలుగో మెట్టు లీగ్‌కు జారిపోయి ఉంది. ఆయన వచ్చాక 2011లో ఒక మెట్టు, 2012లో ఇంకో మెట్టు ఎక్కింది. 2015లో ఆడిన ఆటతో మొదటిసారి పై లీగ్‌లోకి చేరింది. 2017లో స్వీడిష్ కప్పు గెలిచింది. 2018 ఫిబ్రవరిలో లండన్ వెళ్లి, ఆర్సెనల్ అంతటి జట్టును దాని సొంత మైదానంలోనే 2–1తో ఓడించింది. అంతకుముందు మ్యాచ్‌లో 0–3తో ఓడింది కాబట్టి పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, అది వేరే మాట.

ఆ క్లబ్బులో ఒక వింత పద్ధతి ఉండేది. ఆటగాళ్లు ప్రాక్టీసు చేసి ఊరుకుంటే చాలదు. నాటకం వేయాలి, బొమ్మలు గీయాలి, పాడాలి. 2016లో జట్టు 'స్వాన్ లేక్' అనే బ్యాలే నాట్యాన్ని ఊరి జనం ముందు ఆడింది. కోచ్ కూడా స్టేజీ ఎక్కాడు. బంతి తన్నే కాళ్లకు నాట్యం ఎట్లా వస్తుంది? రాదు. రానిపనిని పదిమంది ముందు చేయడమే ఇక్కడ పాఠం. నవ్వుతారని తెలిసి కూడా స్టేజీ ఎక్కినవాడికి మైదానంలో భయం తగ్గుతుంది. ఏదీ రాని తోటివాడి బాధ కూడా అప్పుడే తెలుస్తుంది.

2017లో వాళ్లు సామీల సంస్కృతిని ఎంచుకున్నారు. సామీలంటే ఆ ఉత్తర దేశాల ఆదివాసులు. దుప్పి జాతికి చెందిన రెయిన్‌డీర్‌లను మేపడం వాళ్ల పాత వృత్తి. ఒకప్పుడు చాలా బళ్లలో సామీ పిల్లల్ని సొంత భాష మాట్లాడనిచ్చేవారు కాదు. అట్లాంటి వాళ్ల పాటను, సంస్కృతిని ఊళ్లో పేరున్న ఆటగాళ్లే నేర్చుకుని స్టేజీ మీదికి తెచ్చారు. మనమేమో ఇంట్లో మాట్లాడే భాషలో ఒక పాట పాడమంటే తల దించుకుంటాం.

"పాటలతో గోల్స్ పడతాయా?" అని ఒకరు అడగొచ్చు. పడవు. ప్రాక్టీసే ముఖ్యం. గొప్ప ఆటగాళ్లు గొప్ప కోచ్‌లు కారని కూడా నేననను. హాలండ్ ఆటగాడు క్రైఫ్ రెండిట్లోనూ గొప్పవాడే. నేననేది ఒక్కటే. అన్నీ తేలిగ్గా వచ్చినవాడికి, రానివాడు ఎక్కడ తడబడుతున్నాడో తొందరగా అర్థం కాదు. తడబడి నేర్చుకున్నవాడికి ఆ చోటు తెలుసు.

పాటర్ అన్నిచోట్లా గెలిచాడని కాదు. 2022 సెప్టెంబరులో చెల్సీ అనే పెద్ద క్లబ్బుకు కోచ్ అయితే, 2023 ఏప్రిల్లో తీసేశారు. 2025 సెప్టెంబరులో వెస్ట్‌హామ్ కూడా తీసేసింది. మర్నెలే, 2025 అక్టోబరులో, స్వీడన్ తన దేశపు జట్టునే ఆయన చేతిలో పెట్టింది. ఆయన పని చూసినవాళ్లు రెండు ఓటములతో లెక్క కట్టలేదు.

కాబట్టి మిత్రులారా, నాదొక సూచన. టీములో చోటు దొరకనివాళ్లు ఊరికే కూర్చోకండి. ఎవరు ఎక్కడ తప్పు చేస్తున్నారో ఒక నోటుబుక్కులో రాయండి, ఆట అయ్యాక చెప్పండి. బాగా ఆడేవాళ్లు కోపం తెచ్చుకోకుండా వినండి. వార్షికోత్సవం రోజు మాత్రం ముందు వరసలో ఆడాల్సింది, పాడాల్సింది మీరే, మీకు వచ్చినా రాకపోయినా.

ఆలోచించండి.