రుచియు స్వదేశమును

అర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులను చెప్పుచు కౌటిల్యుడు, ద్రాక్షరసముతో చేసిన మధువునకు అది పుట్టిన దేశమే వివరణమని తేల్చి, కాపిశాయనము, హారహూరకము అను రెండు పేర్లను పేర్కొనెను. కాపిశాయన మనగా కాబూలునకు ఉత్తరమున నుండిన కాపిశిలో పుట్టినది. ఈ శబ్దమునకై పాణిని సూత్రమే చేసెను. సీసాపై ఊరిపేరు వ్రాయుటకు హద్దులు నిర్ణయించుచు ఫ్రాన్సు 1935లో శాసనము చేసెను. జన్మభూమినిబట్టి మధువును గుర్తించుట మనకు అంతకంటె ఎంతో ప్రాచీనము.

మేము మద్యపానమునకు వకాల్తా పుచ్చుకొనుట లేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఎత్తిన ధ్వజమును తెలుగువారు మఱవరాదు. కూలివాని కష్టార్జితమును మ్రింగు నాటుసారాకు ఊరు లేదు, పేరు లేదు, రుచి లేదు. మత్తొక్కటే దాని గుణము. ద్రాక్షమధువును పరీక్షించు నిపుణుడో, రంగు చూచి, వాసన పట్టి, పుక్కిలించి, ఉమిసివేయును. త్రాగుట వేఱు, రుచి నెఱుగుట వేఱు.

ఆ నిపుణు డెఱుగగోరున దేమి? నేలయు, గాలియు పండుపై చేసిన పని. ఎండ హెచ్చిన సీమలో పండున తీపి పెరిగి పులుపు తగ్గును. మధువు నిండుగా, తీక్ష్ణముగా నుండును. రాత్రులు చల్లనైన చోట పులుపు నిలుచును. మధువు తేలికగా, నిశితముగా నుండును. షార్డనే యను ఒక్క ద్రాక్షయే ఉత్తర ఫ్రాన్సులోని షాబ్లీలో ఒక తీరు, కాలిఫోర్నియా వెచ్చని లోయలలో మఱియొక తీరు. అయినను పేరుప్రతిష్ఠలు నాలుకను మోసగింపగలవు. 1976లో పారిసునగరమున సీసాల పేర్లు మఱుగుపఱచి పరీక్షింపగా, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తెలుపు, ఎఱుపు రెండింటను కాలిఫోర్నియా మధువులకు ప్రథమస్థానము నిచ్చిరి!

ఈ విద్య మన పొరుగునకును వచ్చినది. ఇంచుమించు రెండువేల అడుగుల ఎత్తుననున్న నాసికు, మూడువేల అడుగుల నంది కొండలచెంత, పదునేనువందల అడుగుల హంపి ప్రాంతము వేర్వేరు మధువులను పండించుచున్నవి. హంపి కొండలలో క్రిస్మా తోటను నెలకొల్పిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు తెలుగువారే. ఆదోని ఎత్తును ఇంచుమించు హంపిదే. కాని ఎత్తు కలిసినంత మాత్రమున తీగ నాటుటకు త్వరపడుమని మేము చెప్పము. తన నేల గుణమును తా నెఱుగని రైతు పరుల పంటను చూచి పరుగెత్తుట వివేకము కాదు.

ఆదోని, యెమ్మిగనూరు సీమలో నల్లరేగడియు కలదు, ఎఱ్ఱనేలయు కలదు. రెండు నేలల వేరుసెనగయు మిల్లు చేరగానే ఊరిపేరు పోగొట్టుకొని ఒక్క రాశియై పోవుచున్నది. శ్రద్ధగా పండించినవానికిని, అశ్రద్ధగా పండించినవానికిని తుదకు ఒక్కటే పేరు! బనగానపల్లె మామిడి అట్లు కలిసిపోలేదు. ఊరిపేరు నిలుపుకొని 2017లో భౌగోళిక సూచికను పొందినది.

కనుక మన భూస్వాములును, రైతుసంఘములును వచ్చు పంటకాలమున ఒక్క పని చేయవలయును. ఒకే విత్తనపు కాయలను నేలవారిగా వేఱుపఱచి, వేర్వేరుగా గానుగాడించి, పాత్రలపై పేర్లు మఱుగుపఱచి పదుగురిచే నూనె రుచి చూపింపవలయును. జొన్నరొట్టెతోను అట్లే చేయవలయును. భేదము తేలెనా, ఊరిపేరుతో అమ్ముటకు హక్కు కలిగినట్లే. తేలకున్న, సంచిపై పేరు వ్రాసినంత మాత్రమున విలువ పెరుగదని తెలిసికొందుము. కౌటిల్యుడు మధువునకు చెప్పిన న్యాయము మన తిండిగింజకును వర్తింపవలదా?