జేబులో కెమెరా: బలం ఎంత, మొండితనం ఎంత?

"ఫోన్ ఉండగా మళ్లీ కెమెరా ఎందుకండీ?" ఈ శీర్షిక చదివేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈమధ్య దానికి ఇంకోటి తోడైంది. "మా అమ్మాయి పాత డిజిటల్ కెమెరా కావాలని గోల చేస్తోంది, కొనొచ్చా?" అని. రెండూ అడిగేది పెద్దవాళ్లే. కాకపోతే మొదటిది తమ కోసం, రెండోది పిల్లల కోసం. ఈ వారం ఒక్క కెమెరాని ఎదురుగా పెట్టుకుని రెండింటికీ జవాబు చెప్తాను.

ఆ కెమెరా సోనీ ఆర్‌ఎక్స్‌100. 2012లో వచ్చిన మొట్టమొదటి మోడల్. కొత్తగా వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 650 డాలర్లు. నేను కొన్నది మాత్రం అది పాతబడ్డాక, కోఠీలో, సెకండ్ హ్యాండ్‌లో. ఐదేళ్లకు పైగా నా చొక్కా జేబుల్ని సాగదీస్తూనే ఉంది. బ్యాటరీ, కార్డుతో కలిపి 240 గ్రాములు. అంటే పావుకిలో లోపే.

అది పుట్టిన కాలం గురించి ఒక్క మాట. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కి వెళ్లాయి. 2023కి వచ్చేసరికి అది 80 లక్షల లోపుకి పడిపోయింది. మిగతా అంతా ఫోన్ మింగేసింది. ముందుగా పోయినవి జేబు కెమెరాలే. ఆ పతనం మొదలైన రోజుల్లోనే సోనీవాళ్లు ఒక పందెం వేశారు. ఫోన్ ఇవ్వలేనిది ఏదో జేబులో పట్టేలా ఇద్దాం అని. ఆ 'ఏదో' సెన్సర్.

బలం ఎక్కడుంది?

సెన్సర్ అంటే వెలుతురు పట్టే గిన్నె అనుకోండి. వాన సన్నగా పడుతున్నప్పుడు చెంబు పెడితే ఎన్ని నీళ్లు వస్తాయి, గంగాళం పెడితే ఎన్ని వస్తాయి? ఇదీ అంతే. ఆ రోజుల్లో మామూలు జేబు కెమెరా సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. దీనిది 13.2 బై 8.8 మిల్లీమీటర్లు, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు రెట్లు. దానికి తోడు జూమ్ చేయనప్పుడు లెన్స్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ, ట్యూబ్‌లైట్ కింద, దేవుడి గదిలో కుందుల వెలుతురులో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. ఐఎస్ఓ 800 వరకు నేను రెండో ఆలోచన లేకుండా తీస్తాను. 1600 కూడా ఫర్వాలేదు. ఆపైన మాత్రం గరుకుదనం మొదలవుతుంది.

రెండో బలం దాని బుజ్జి ఫ్లాష్. ఫ్లాష్ అవసరమైనప్పుడు దానంతటదే పైకి లేస్తుంది. నేరుగా కొడితే అన్ని ఫ్లాష్‌ల లాగే ముఖాలు తెల్లగా, వెనక గోడ మీద నీడలు నల్లగా. కానీ దాని తలని వేలితో వెనక్కి వంచి పట్టుకుని తీసి చూడండి. వెలుతురు సీలింగ్‌కి తగిలి మెత్తగా కిందికి దిగుతుంది. మన స్లాబు ఇళ్లు, సున్నం వేసిన తెల్లటి సీలింగ్ దీనికి సరిగ్గా సరిపోతాయి. రేకుల ఇల్లయితే, ఆరుబయలు పందిరి అయితే ఈ చిట్కా పనిచేయదు.

పందిరి అన్నాను కాబట్టి ఇంకోటి. దీని షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది. అందువల్ల సెకనులో వెయ్యో వంతు వేగంలో కూడా ఫ్లాష్ కలిసి వెలుగుతుంది. పెద్ద కెమెరాలు చాలావాటికి మామూలుగా ఆ వేగంలో ఫ్లాష్ కుదరదు. మిట్టమధ్యాహ్నం పెళ్లి, వెనక భగభగ మండే ఎండ, పందిరి కింద నల్లబడ్డ ముఖాలు. అక్కడ ఐదారు అడుగుల దూరంలో నిలబడి ఫ్లాష్ వేస్తే ముఖమూ వస్తుంది, వెనక ఆకాశమూ ఉంటుంది. షట్టర్ చప్పుడు కూడా దాదాపు వినిపించదు. తాళి కట్టేటప్పుడు పంతులుగారు వెనక్కి తిరిగి చూడరు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, ఫొటో ఆకారం. ఇది తీసే ఫొటో పొడవు, వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉంటాయి. స్టూడియోలో ఇచ్చే 4×6 ప్రింటుది కూడా అదే నిష్పత్తి. ఫోన్ ఫొటో మామూలుగా 4:3. దాన్ని 4×6 మీద నిండుగా వేయాలంటే ఎత్తులో తొమ్మిదో వంతు కోసేయాలి. గ్రూప్ ఫొటోల్లో వెనక వరస బాబాయిల తలలు ఎందుకు తెగుతాయో ఇప్పుడు అర్థమైందా? ఇక దీని పూర్తి సైజు 5472×3648 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12×18 సైజు షీటుకి సరిగ్గా సరిపోతుంది.

ఇక మొండితనాలు

మొదటిది జూమ్. 28 నుంచి 100 మిల్లీమీటర్ల వరకు వెళ్తుంది, బాగానే ఉంది. కానీ జూమ్ చేసిన కొద్దీ లెన్స్ కళ్లు మూసుకుంటుంది. చివరికి వెళ్లేసరికి ఎఫ్/4.9. అంటే మొదట్లో లోపలికి వచ్చే వెలుతురులో ఏడో వంతు కూడా రాదు. డబ్బా మీద రాసిన ఎఫ్/1.8 చూసి కొనేవాళ్లు ఇది గమనించరు. నా సూత్రం ఒక్కటే. పగలు జూమ్ చేస్తాను, రాత్రి రెండడుగులు ముందుకేస్తాను.

రెండోది జారుడు. నున్నటి లోహపు ఒళ్లు, వేళ్లకి పట్టు దొరికే చోటే లేదు. చెమట పట్టిన చేతుల్లో సబ్బుబిళ్లే. సోనీ కంపెనీయే తర్వాత అతికించుకునే పట్టు ఒకటి విడిగా అమ్మింది. ఆ ముక్కేదో ముందే పెట్టి ఉండొచ్చు కదా! మణికట్టు తాడు లేకుండా దీన్ని బయటికి తీయొద్దు.

మూడోది షట్టర్ వేగం. ఐఎస్ఓని ఆటోలో వదిలేస్తే మసక వెలుతురులో ఇది తరచూ సెకనులో ముప్ఫయ్యో వంతు దగ్గర కూర్చుంటుంది. కదలకుండా కూర్చున్న తాతగారికి అది చాలు. ఇల్లంతా పరుగెత్తే మనవడికి చాలదు, పిల్లాడు మేఘంలా వస్తాడు. పిల్లలున్న ఇంట్లో షట్టర్ వేగం మనమే 125కి పెట్టుకోవాలి. చీకట్లో ఫోకస్ కూడా కాసేపు వెతుక్కుంటుంది. పరుగు పందేలు, కోలాటాలు దీని పని కాదు.

నాలుగోది, కన్ను పెట్టి చూసే కిటికీ లేదు. వెనక స్క్రీన్ వంగదు. దాన్ని తాకి ఫోకస్ చేయడమూ కుదరదు. ట్రైపాడ్ బిగిస్తే కార్డు తీయడానికి మళ్లీ విప్పాలి, ఎందుకంటే ఆ తలుపు కిందే ఉంది. చార్జింగ్ కూడా కెమెరాలోనే, పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ వైరుతో. ఇంట్లో ఏ మూలో పడి ఉన్న పాత వైరు పనికొస్తుందన్నది ఒక్కటే ఊరట.

ఐదోది అన్నిటికంటే పెద్దది. ఈ మొదటి మోడల్‌లో వైఫై లేదు. పెళ్లిలో ఫొటో తీయగానే "నాకు పంపించవా?" అని పదిమంది చుట్టూ చేరతారు. పంపలేం. ఇంటికెళ్లి కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాలి. వైఫై, వంగే స్క్రీన్ కావాలంటే 2013లో వచ్చిన రెండో మోడల్ చూసుకోవాలి. కంటితో చూసే కిటికీ 2014లో వచ్చిన మూడోదాంట్లో వచ్చింది.

ఫోన్‌తో పోలిస్తే

ఫోన్‌ని తక్కువ చేసి మాట్లాడను. ఎండలో నిలబడ్డ మనిషి, వెనక మెరిసే ఆకాశం, రెండూ ఒకేసారి రావాలంటే ఫ్లాష్ లేకుండానే ఫోన్ లాగేస్తుంది. చకచకా పది ఫొటోలు తీసి కలిపేస్తుంది. నడుస్తూ తీసే వీడియో ఫోన్‌లో నిలకడగా వస్తుంది, దీంట్లో ఊగుతుంది. అందంగా వెనక మసకబారే ఫొటో కోసమని ఈ కెమెరా కొంటే నిరాశే. దీని లెన్స్ చిన్నది, అంత మసక రాదు. ఫోన్ ఆ మసకని లెక్కలు కట్టి తయారుచేస్తుంది. కాకపోతే ఒక్కోసారి జడలో మల్లెపూల దండ కూడా సగం మసకలో కలిసిపోతుంది!

నాకు ఫోన్‌తో పేచీ ముఖం దగ్గర. మసక వెలుతురులో చాలా ఫోన్లు చర్మాన్ని నునుపు చేసేస్తాయి. మా అమ్మకి కంటి కొసన, పెదవుల పక్కన సన్నటి గీతలున్నాయి. నవ్వితే అవన్నీ కదులుతాయి. ఆ నవ్వు అమ్మదే అని గుర్తుపట్టేది ఆ గీతల్ని బట్టే. ఫోన్ వాటిని 'సరిచేసి' ఇస్తుంది. ఈ కెమెరా కూడా పూర్తిగా నిర్దోషి కాదు. ఐఎస్ఓ పెంచితే జేపెగ్ ఫొటోని ఇదీ కాస్త పులుముతుంది. అయితే ఇందులో 'రా' ఫైలుగా తీసుకునే వీలుంది. వండకుండా ఇచ్చిన బియ్యం లాంటిది అది. ఎంత ఉడికించాలో మన ఇష్టం.

గోడ మీది ఫొటో

మా వీధిలో ఒక ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆల్బమ్‌లు, పటాలు కట్టడం. అతను ఓసారి నాతో అన్న మాట మనసులో ఉండిపోయింది. "పెద్దకర్మకి పటం కట్టాలని వస్తరన్నా. ఫోన్ తీసి చూపిస్తరు. వాట్సాప్‌ల వచ్చిన ఫొటో ఉంటది. ఇదొక్కటే ఉంది, ఎట్లన్న పెద్దగ చెయ్యమంటరు. నేనేం జెయ్యాలె?"

లెక్క చూడండి. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. పైగా గ్రూప్ ఫొటోలో నుంచి ఒక్క ముఖాన్నే కత్తిరించాలి. ఇక మిగిలేదేంటి? కళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది, చూపు తెలియదు. రోజూ దండం పెట్టుకునే పటంలో మనిషి చూపు లేకపోవడం చిన్న విషయం కాదు.

నిజానికి తప్పు ఫోన్ కెమెరాది కూడా కాదు. ఫోన్ తీసిన అసలు ఫొటో చాలామటుకు పెద్ద ప్రింటుకి చాలు. కానీ ఆ అసలు ఎక్కడుంది? ఫోన్ మారినప్పుడు పోయింది, స్టోరేజీ నిండిందని ఎవరో తీసేశారు, మిగిలింది గ్రూపులో తిరిగిన నకలు. ఇందాక నేను తిట్టిన ఐదో మొండితనం ఇక్కడే అక్కరకొస్తుంది. పంపలేని కెమెరాలో తీసిన ఫొటో పూర్తి సైజులో కార్డులోనే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లోకి దించక తప్పదు. దించినప్పుడు నలభైలో ఐదు ఏరతాం, ఒక ఫోల్డర్‌కి పేరు పెడతాం. మా ఇంట్లో పెద్దవాళ్ల మంచి ఫొటోలన్నీ అలా మిగిలినవే.

కెమెరా కొనని వాళ్లు ఈ ఒక్క పనైనా చేయండి. ఇంట్లో పెద్దవాళ్లని పగటిపూట కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫోన్‌తోనే, ఒక్కొక్కరికి విడిగా ఫొటో తీయండి. అసలు ఫైలుని వేరే చోట దాచండి. పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు కుదించుకుపోదు.

కొనేముందు చూడాల్సినవి

పాతది కొంటుంటే తొందరపడొద్దు. కొట్టులోనే తెల్లగోడని ఎఫ్/11లో, జూమ్ పూర్తిగా చేసి ఒక ఫొటో తీయండి. పెద్దది చేసి చూస్తే నల్లటి మచ్చలున్నాయా? లెన్స్ లోపలికీ బయటికీ కదిలేటప్పుడు దుమ్ము పీల్చుకుందన్నమాట. అది మనం తుడుచుకునేది కాదు, లెన్స్ విప్పాలి. ఆన్, ఆఫ్ పదిసార్లు చేసి లెన్స్ ఎక్కడా ఆగకుండా వస్తోందో లేదో చూడండి. ఫ్లాష్ లేస్తోందా? బ్యాటరీ ఉబ్బిందా? చార్జింగ్ తీసుకుంటోందా? బ్యాటరీ పోయినా బెంగలేదు. ఎన్‌పీ-బీఎక్స్1 అనే ఆ రకాన్నే తర్వాతి మోడళ్లలోనూ వాడారు కాబట్టి దొరుకుతుంది.

మరి కొనొచ్చా? రీల్స్ కోసం, అప్పటికప్పుడు స్టేటస్ పెట్టడం కోసం అయితే వద్దు. ఫోన్ చాలు. మీ అమ్మాయి రెండు వారాల్లో దాన్ని అల్మారాలో పడేస్తుంది. ప్రింట్లు వేయించే అలవాటు ఉంటే, లేదా కొత్తగా చేసుకోవాలని ఉంటే, ఆదివారం ఓ అరగంట కూర్చుని ఫొటోలు ఏరే ఓపిక ఉంటే కొనండి. కొన్న రోజు మొదటి కార్డు ఇంట్లో వయసులో పెద్దవాళ్లతోనే మొదలుపెట్టండి. పూలూ, పిల్లులూ తర్వాతైనా దొరుకుతాయి.