తీసేది మనమైతే ఎంచుకునేదీ మనమే

మిక్సీ కొనేటప్పుడు మనం ఎంత ఆరా తీస్తాం! జార్లు ఎన్ని, మోటారు ఎన్ని వాట్లు, పక్కింటి వదినగారిది ఎన్నేళ్ళు మన్నింది, రిపేరు చేసేవాడు ఊళ్ళో ఉన్నాడా లేడా... అన్నీ కనుక్కున్నాకే పర్సు తీస్తాం. అదే కెమెరా దగ్గరికి వచ్చేసరికి 'మనకేం తెలుస్తుంది, ఆయనో అబ్బాయో చూసుకుంటారులే' అని పక్కకు తప్పుకుంటాం. ఈ తప్పుకోవడమే నాకు నచ్చని విషయం.

రీలు కెమెరాల రోజుల్లో దీనికో కారణం ఉండేది. రీలుకు 36 ఫొటోలు. కడిగించడానికి, ప్రింట్లు వేయించడానికి మళ్ళీ డబ్బులు. అందుకే కెమెరా బీరువాలో ఉండేది, తాళం మగవాళ్ళ దగ్గర ఉండేది. 'ముట్టుకోకు, రీలు వేస్టవుతుంది' అనే మాట విననివాళ్ళు నా వయసు ఆడవాళ్ళలో ఉండరు. ఆనాటి ఆల్బమ్‌లు తిరగేయండి. పెళ్ళిళ్ళు, బారసాలలు, తిరుపతి గుండ్లు కనిపిస్తాయి. వడియాలు పెడుతున్న అమ్మ, కుట్టుమిషన్ ముందు కూర్చున్న పిన్ని మాత్రం కనిపించరు. వాళ్ళ కోసం ఒక ఫొటో ఖర్చు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

డిజిటల్ కెమెరాతో ఆ కారణం పోయింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకు పైగా బరువుండేది. ఇప్పుడది గుప్పిట్లో ఇమిడిపోతోంది. వంద ఫొటోలు తీసి తొంభై చెరిపేసినా పైసా నష్టం లేదు. కానీ కొనే అధికారం మాత్రం ఇంకా పాత చేతుల్లోనే ఉంది. ఆ మధ్య ఒక షాపులో 'జూమ్ ఎంతవరకు వస్తుంది?' అని నేను అడిగితే ఆ అబ్బాయి మావారి మొహం చూసి జవాబు చెప్పాడు. పైగా 'మేడమ్‌కి ఈ గులాబీ రంగుది బాగుంటుంది సార్' అన్నాడు. మావారు జన్మలో కెమెరా పట్టి ఎరగరు!

ముందు అసలు అవసరమా?

ఫోన్ ఉండగా మళ్ళీ కెమెరా ఏమిటి దండగ అంటారు. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. ప్రపంచమే ఆ మాట అంది. 2010లో లెన్సు ఊడదీయడానికి వీల్లేని చిన్న కెమెరాలు జపాన్ కంపెనీల నుంచి పది కోట్లకు పైగా బయటికి వెళ్తే, 2023 నాటికి ఇరవై లక్షలు కూడా వెళ్ళలేదు. చీకట్లో, రాత్రి ఫంక్షన్లలో మంచి ఫోనే చవక కెమెరా కంటే బాగా తీస్తుంది. అది ఒకేసారి నాలుగైదు ఫొటోలు లాగి, లోపలే కలిపి సరిచేస్తుంది. ఫొటో తియ్యగానే వాట్సాప్‌లో పెట్టడమే మీ పని అయితే కెమెరా కొనకండి. ఆ డబ్బు దాచుకోండి.

మరి ఎవరికి కావాలి? స్కూలు వార్షికోత్సవంలో వెనక వరసలో కూర్చుని స్టేజీ మీద పాపను తీయాల్సిన తల్లికి కావాలి. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం ఇష్టంలేక, ఫొటోల సరదా మాత్రం తీర్చాలనుకునేవాళ్ళకు కావాలి. ఫోన్ తాకే తెర అలవాటుపడని, బటన్ అయితే నొక్కగలిగే అత్తగారికి కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతే ఇంటిదగ్గర ఉండే మనిషికి కావాలి. ఫోన్ ఎప్పుడూ ఎవరో ఒకరిదే. కెమెరా ఇంటిదవుతుంది.

మెగాపిక్సెళ్ళ మాయ

డబ్బా మీద అన్నింటికంటే పెద్ద అక్షరాలతో ఉండే మాట ఇదే. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ఆల్బమ్‌లో పెట్టుకునే నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ప్రింటు శుభ్రంగా రావడానికి 22 లక్షల చుక్కలు చాలు. గోడకు తగిలించే ఎనిమిదికి పది అంగుళాల ఫొటోకైనా 72 లక్షలు చాలు. 16 మెగాపిక్సెళ్ళు మనకు ఎక్కువే. 48 అని చూపించి రెండు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు.

చుక్కల లెక్క కంటే వెలుతురు పట్టే సెన్సర్ సైజు ముఖ్యం. చవక కెమెరాల్లో సాధారణంగా ఉండేది దాదాపు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. అదే ఇడ్లీ రేకులో నాలుగు గుంటల చోట పదహారు గుంటలు చేస్తే ఇడ్లీల లెక్క పెరుగుతుంది గానీ పిండి పెరగదు కదా! 'ఒక అంగుళం' అనే రకం సెన్సర్ దీనికి నాలుగు రెట్లు. సాయంత్రం వెలుతుర్లో తేడా కంటికి కనిపిస్తుంది, ధరలోనూ కనిపిస్తుంది.

జూమ్ రెండు రకాలు

ఆప్టికల్ జూమ్ అంటే లెన్సు ముందుకు జరిగి దూరాన్ని నిజంగా దగ్గర చేయడం. డిజిటల్ జూమ్ అంటే ఉన్న ఫొటోలో ఒక ముక్క కోసి సాగదీయడం. రెండోది ఇంటికొచ్చాక మనమే చేసుకోవచ్చు, దానికి డబ్బులెందుకు? డబ్బా మీద '16 రెట్లు' అని ఉంటే ఏ జూమ్ అని తప్పకుండా అడగండి. జూమ్ పెరిగేకొద్దీ చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది. ఆ వణుకును సర్దే ఏర్పాటును కానన్ వాళ్ళు ఐఎస్ అని, నికాన్ వాళ్ళు వీఆర్ అని, సోనీ వాళ్ళు స్టెడీషాట్ అని, పానాసోనిక్ వాళ్ళు ఓఐఎస్ అని అంటారు. పేరేదైనా పని అదే. అందులోనూ లెన్సు కదిలి సర్దే రకమే మేలు.

నాలుగైదు వేలకే 48 మెగాపిక్సెళ్ళు, 4కె వీడియో అంటూ ఆన్‌లైన్‌లో ఊరూపేరూ లేని కెమెరాలు బోలెడు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి లెన్సు కదలదు, జూమ్ అంతా సాగదీత, చుక్కల లెక్క కూడా లేనివాటిని పుట్టించి చెప్పిందే. పిల్లలు ఆడుకోవడానికైతే సరే, అమ్మమ్మ షష్టిపూర్తి తీయడానికి కాదు.

పేరున్నవాటిలో కొత్తవి బాగా తగ్గిపోయాయి. కుర్రకారుకు చిన్న కెమెరాల మీద మళ్ళీ మోజు పుట్టడంతో పాతవాటి ధరలు పెరిగాయి. 2016లో వచ్చిన ఐక్సస్ 285 హెచ్ఎస్‌ను కానన్ 2025లో చివర 'ఎ' అక్షరం తగిలించి మళ్ళీ దింపింది. ధర తగ్గలేదు, పెరిగింది. కొడాక్ పేరుతో వచ్చే పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 చవక రకాల్లో ఒకటి. ఆ పేరు వాడుకునే హక్కు తీసుకుని వేరే కంపెనీ చేస్తున్నది. 16 మెగాపిక్సెళ్ళు, నాలుగు రెట్ల ఆప్టికల్ జూమ్. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది కాబట్టి ఏ పల్లెటూరి కిరాణా కొట్టులోనైనా ప్రాణం పోయొచ్చు. ఛార్జి చేసుకునే సెల్స్ వాడితే ఖర్చు ఇంకా కలిసొస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే

హైదరాబాద్ కోఠీలోనో, మీ ఊరి ఫొటో స్టూడియో ద్వారానో పాతది కొనడంలో నామోషీ ఏమీ లేదు. ముందు కార్డు ఏ రకమో చూడండి. పాత ఒలింపస్, ఫూజీ కెమెరాలు కొన్నింటికి ఎక్స్‌డీ కార్డు, పాత సోనీలకు మెమరీ స్టిక్ కావాలి. అవి ఇప్పుడు సులువుగా దొరకవు. ఎస్‌డీ కార్డు పట్టేదే తీసుకోండి. మరీ పాతవి రెండు జీబీకి మించిన కార్డును గుర్తించవు, అదీ అడగండి. బ్యాటరీ అర తెరిచి తుప్పు ఉందేమో చూడండి. పది సార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి, లెన్సు కీచుమంటే వద్దు. తెల్లగోడను ఫొటో తీసి మచ్చలు పడుతున్నాయేమో గమనించండి.

కొత్తదైనా పాతదైనా మీ కార్డు మీరు పట్టుకెళ్ళండి. షాపులోనే వీధి వైపు పూర్తి జూమ్‌తో ఒకటి, మూల చీకట్లో ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి తీసి, ఇంటికొచ్చి పెద్దదిగా చేసి చూసుకున్నాకే మాట ఇవ్వండి. బిల్లు, వారంటీ కార్డు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, ఇచ్చేది మన డబ్బు.

'ఇన్ని సంగతులు మేమెక్కడ గుర్తుపెట్టుకుంటాం?' అంటారేమో. బంగారం కొంటే తరుగెంత, మజూరీ ఎంత అని నోటిలెక్కతో కంసాలినే నిలదీసే మనకు ఇదొక లెక్కా? కెమెరా చేతిలో ఉన్నవాళ్ళే ఇంట్లో ఏది గుర్తుండిపోవాలో నిర్ణయిస్తారు. ఇన్నాళ్ళూ ఆ నిర్ణయం మనది కాదు. ఈసారి షాపులో కెమెరా చేతులు మారేటప్పుడు ముందుగా మీ చెయ్యి చాపండి. రంగు సంగతి తర్వాత, జూమ్ సంగతి ముందు చెప్పమనండి!