కొండ నాలుకకు మందేస్తే...

దరఖాస్తు పంపడానికి ఆఖరి రోజు. సాయంత్రం అయిదుతో గడువు అయిపోతుంది. అబ్బాయి తీరిగ్గా కంప్యూటర్ ముందు కూర్చుని బ్రౌజర్ తెరిచాడు. 'కొత్త వెర్షన్ వస్తోంది, కాస్త ఆగండి' అంది తెర. ఆగాడు. గీత మెల్లగా పాకి పాకి చివరికి చేరింది. తీరా చూస్తే బొత్తాలన్నీ చోటు మారిపోయాయి. ఇన్నాళ్లూ తెలుగులో టైపు చేసిపెట్టిన యాడ్-ఆన్ 'ఈ వెర్షన్‌లో పనిచేయను' అని భీష్మించుకుంది. పైగా కంప్యూటర్ నత్తతో పోటీ పడుతోంది.

'నిన్నటిదాకా బాగానే ఉందిగా... ఏం కెలికావురా?' పక్క గదిలోంచి నాన్న.

పాపం, వాడేమీ కెలకలేదు. కెలికింది ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాళ్లు. అదీ బాగుచేద్దామనే!

అయిదేళ్ల కునుకు

అప్‌డేట్ల గోల మొదటినుంచీ లేదు. నిజానికి ఒకప్పుడు బాధ దానికి సరిగ్గా వ్యతిరేకం. మైక్రోసాఫ్ట్ 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను తెచ్చింది. పోటీ లేదు. ఇంకేముంది, హాయిగా కునుకు తీసింది. ఏడో వెర్షన్ వచ్చేసరికి 2006 అయింది. ఆ మధ్యకాలంలో బ్రౌజర్ కంతల్లోంచి దూరిన వైరస్‌లకు లెక్కే లేదు. కంప్యూటర్ తెరిస్తే చాలు, అడగని ప్రకటనలు తెర నిండా పుట్టగొడుగుల్లా లేచేవి.

సరిగ్గా అప్పుడే, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చింది. ఒకే కిటికీలో ఎన్నో ట్యాబ్‌లు తెరుచుకోవచ్చు. ఎగిరొచ్చే ప్రకటనలను ఆపేస్తుంది. అన్నిటికీ మించి, ఎవరికి నచ్చిన హంగు వాళ్లు యాడ్-ఆన్ రూపంలో తగిలించుకోవచ్చు. ఆ యాడ్-ఆన్‌లలో చాలావాటిని రాసింది జీతం తీసుకునే ఉద్యోగులు కాదు, తీరిక వేళల్లో సరదాకొద్దీ కూర్చున్న ఔత్సాహికులు.

పత్రికలను చదివించిన 'పద్మ'

తెలుగువాళ్లకు అలా దొరికిన వరమే 'పద్మ'. అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లకు ఒక్కోదానికి ఒక్కో సొంత ఫాంటు ఉండేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అక్షరాలు కనిపించేవి. అదే పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే! పద్మ యాడ్-ఆన్ ఆ అక్షరాలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేసేది. విదేశాల్లో ఉంటూ ఊరి వార్త కోసం మొహం వాచిపోయినవాళ్లకు అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు. తర్వాత పత్రికలు నెమ్మదిగా యూనికోడ్‌కే మారాయి.

ఇలాంటి చిన్న చిన్న యాడ్-ఆన్‌ల మీద ఎందరో ఆధారపడ్డారు. కాబట్టే, అవి ఆగిపోయినప్పుడు కోపమూ అంతే వచ్చింది.

ఆరు వారాలకో కొత్త అంకె

2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చింది. దాని పద్ధతే వేరు. అడగదు, చెప్పదు... వెనకాల తన పాటికి తాను కొత్తదైపోతుంది. ఆ వేగం చూసి ఫైర్‌ఫాక్స్ కూడా 2011లో పరుగు అందుకుంది. మార్చి 22న నాలుగో వెర్షన్, జూన్ 21న అయిదోది. అక్కణ్నుంచి ఆరు వారాలకోటి! ఆ ఏడాది డిసెంబరుకల్లా తొమ్మిదికి చేరింది.

చిక్కల్లా యాడ్-ఆన్‌లతో వచ్చింది. ప్రతి యాడ్-ఆన్ లోపలా 'ఫలానా వెర్షన్ దాకా పనిచేస్తాను' అని రాసి ఉండేది. అంకె మారగానే, నిజానికి ఏ ఇబ్బందీ లేకపోయినా, అది కాస్తా ఆగిపోయేది. తీరిక వేళల్లో రాసేవాళ్లు ఆరు వారాలకోసారి దాన్ని సరిచేస్తూ కూర్చోగలరా? ఇక ఆఫీసుల సంగతి చూడండి. వందల కంప్యూటర్లలో ఒక వెర్షన్‌ను పరీక్షించి పెట్టేలోగా మరొకటి తయారు!

గగ్గోలు పుట్టాక 2012 జనవరి 31న వచ్చిన పదో వెర్షన్‌లో దిద్దుబాటు జరిగింది. పాత యాడ్-ఆన్‌లను చాలావరకు పనిచేసేవాటిగానే పరిగణించడం మొదలైంది. ఆఫీసుల కోసం, ఏడాదిపాటు పైపై మార్పుల్లేకుండా కేవలం భద్రత మరమ్మతులు మాత్రమే అందే 'ఈఎస్ఆర్' అనే రకాన్నీ తెచ్చారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. వేగం బాగా పెరిగింది. కానీ పాత పద్ధతిలో రాసిన యాడ్-ఆన్‌లన్నిటికీ ఒక్కసారిగా తలుపు మూసేసింది. తిరిగి రాసే ఓపిక లేనివాళ్లు అస్త్రసన్యాసం చేశారు. 2019 మే 4 ఉదయమైతే మరీ విడ్డూరం. మొజిల్లా ఒక డిజిటల్ ధ్రువపత్రం గడువు చూసుకోలేదు. అంతే! ప్రపంచవ్యాప్తంగా ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ల యాడ్-ఆన్‌లు మూకుమ్మడిగా ఆగిపోయాయి. మర్నాడు సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా చాలామందికి దిక్కు తోచలేదు. క్రోమ్ కూడా తక్కువేం తినలేదు. యాడ్-ఆన్‌ల నిబంధనలు మార్చి, ప్రకటనలను అడ్డుకోవడంలో పేరున్న 'యూబ్లాక్ ఆరిజిన్'ను 2024, 2025ల్లో దశలవారీగా పక్కన పెట్టింది.

మెమరీ ఎవరు మింగారు?

ఇక రెండో ఫిర్యాదు, బ్రౌజర్ ర్యామ్‌ను తినేస్తోందని. ఇందులో కొంత తప్పు, కొంత ఒప్పు.

క్రోమ్ ఒక్కో ట్యాబ్‌నూ వేరువేరు గదిలో ఉంచినట్టు నడుపుతుంది. ఒక గదిలో గొడవైనా మిగతా ఇల్లు కూలదు. అయితే గదికో గోడ, గదికో దీపం కావాలిగా! ఆ ఖర్చే మెమరీ. 2018లో ప్రాసెసర్లలో 'స్పెక్టర్' లోపం బయటపడ్డాక గోడలు ఇంకా మందమయ్యాయి. ఆ రక్షణ వల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం దాకా పెరుగుతుందని గూగులే చెప్పింది.

ఫైర్‌ఫాక్స్‌ది మరో బాధ. ట్యాబ్ మూసేసినా దాని మెమరీ తిరిగి రాకపోవడం. 2011లో ఇంజనీర్లు 'మెమ్‌ష్రింక్' పేరుతో ఆ పనిమీదే కూర్చున్నారు. తవ్విచూస్తే చాలా సందర్భాల్లో దోషి యాడ్-ఆనే అని తేలింది! మూసేసిన పేజీలను అవి వదలకుండా పట్టుకుని ఉండేవి. 2012 ఆగస్టులో వచ్చిన 15వ వెర్షన్‌తో ఆ బెడద చాలావరకు తీరింది.

అలాగని ఆపేస్తే...

విసుగుపుట్టి కొందరు అప్‌డేట్‌లు రాకుండా కట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక కంతను పూడుస్తూ అప్‌డేట్ వచ్చిందంటే, ఆ కంత ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోయినట్టే. పూడ్చుకోనివారి ఇల్లే వాళ్లకు సులువు. బ్యాంకు లావాదేవీలన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. విండోస్ 7 మీద నడిచే పాత కంప్యూటర్లకు 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109 చివరిది. ఆ యంత్రంలో పిల్లలు పాఠాలు చదువుకోవచ్చేమోగానీ, బ్యాంకు ఖాతా తెరవకపోవడమే మంచిది.

అందుకే అప్‌డేట్ చేసేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. తాళం మార్చడం వేరు, ఇంట్లో సామానంతా సర్దేయడం వేరు. భద్రత మరమ్మతుతోపాటు అడగని హంగులు కూడా అంటగడితే, విసిగిన మనిషి రెంటినీ తోసేస్తాడు. నష్టపోయేది అతనే.

ఇంట్లో ఇలా చేసి చూడండి

* క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. ఏ ట్యాబ్, ఏ యాడ్-ఆన్ ఎంత మెమరీ తింటోందో జాబితా వస్తుంది. దొంగ దొరికినట్టే.

* నెల రోజులుగా వాడని యాడ్-ఆన్‌లను తీసేయండి. బరువూ తగ్గుతుంది, ముప్పూ తగ్గుతుంది.

* క్రోమ్ సెట్టింగ్స్‌లో 'మెమరీ సేవర్' ఉంటుంది. చూడని ట్యాబ్‌లను అది నిద్రపుచ్చుతుంది.

* మాటిమాటికీ రూపం మారడం గిట్టనివాళ్లు ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ ప్రయత్నించవచ్చు.

* ముఖ్యమైన పని ఉంటే ముందురోజు రాత్రే ఓసారి బ్రౌజర్ మూసి తెరవండి. రావాల్సిన అప్‌డేట్ ఏదో అప్పుడే వచ్చిపోతుంది.

* ఇంటికి రెండో తాళంచెవి ఉన్నట్టే, కంప్యూటర్లో రెండో బ్రౌజర్ ఉండాలి.

ఇంతకీ ఆ అబ్బాయి దరఖాస్తు ఏమైందంటారా? నాలుగూ యాభైకి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని రెండో బ్రౌజర్ తెరిచాడు. నాలుగూ యాభై ఎనిమిదికి పంపేశాడు. ఆ తెరిచీ తెరవగానే అదీ అడిగింది... 'కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే మార్చుకుంటారా?' అని. 'రేపు' అన్నాడు. మర్నాడు పొద్దున్నే గుర్తుపెట్టుకుని మార్చాడు కూడా!