కనురెప్ప చూడండి, ఆ తర్వాతే మందు పోయండి

అనంతపురం పల్లెల్లో గొర్రెకు నట్టల మందు నెల చూసి పోస్తున్నారు. గొర్రెను చూసి పోయాలన్నది నా వాదన. పశువైద్యుడిగా కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు మందల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌కు 1.76 కోట్ల గొర్రెలు తేలాయి. వాటిలో పెద్ద వాటా మా కరువు సీమదే.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేలలో నట్టలెక్కడివని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. కరువే వాటికి దారి చూపిస్తుంది. బీళ్లు ఎండితే మందలన్నీ చెరువు లోతట్టుకో, బోరు కాలువ గట్టుకో చేరతాయి. పచ్చగా మిగిలిన ఆ కాస్త గడ్డిలోనే అందరి గొర్రెల పెంటికలూ పడతాయి. అక్కడి తేమలోనే నట్టల పిల్లలూ బతుకుతాయి. గొర్రె లోపల ఉన్నవి ఎండాకాలమంతా పొట్ట గోడలో ఎదుగుదల ఆపేసుకుని దాగి ఉంటాయి, వానలు రాగానే లేస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మంద ఉన్నట్టుండి నీరసపడేది అందుకే.

"మేత తింటా ఉంది సార్, అయినా చిక్కిపోతా ఉంది. గొంతు కింద నీళ్ల తిత్తి మాదిరి దిగింది" అని కాపరులు చెప్పే గొర్రెను రొప్పం పక్కనే కోసి చూపించేవాణ్ని. నాలుగో పొట్ట తెరిస్తే లోపలి మడతల మీద వెంట్రుకల్లాంటి పురుగులు కదులుతుంటాయి. ఒక్కోటి రెండు, మూడు సెంటీమీటర్లు. దగ్గరగా పట్టి చూస్తే నెత్తురు నిండిన ఎర్రటి పేగు, దాని చుట్టూ మెలికలు తిరిగిన తెల్లటి గుడ్ల సంచి కనిపిస్తాయి. దీని పేరు హీమాంకస్. ఒక్కో పురుగు రోజుకు ఇంచుమించు 0.05 మిల్లీలీటర్ల నెత్తురు లాగుతుంది. వెయ్యి పురుగులుంటే 50 మిల్లీలీటర్లు. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండే నెత్తురు రెండు లీటర్లు, మరి ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

గొంతు కింద ఆ వాపు ఎందుకొస్తుందో కాపరికి అర్థమయ్యేలా చెప్పాలి. నెత్తుటిలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. దాన్ని కాలేయం తయారుచేస్తుంది. నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచేది అదే. ఆరోగ్యంగా ఉన్న జంతువులోనూ దానిలో కొంత పేగులోకి ఊరుతుంది. అక్కడి జీర్ణరసాలు దాన్ని తిన్న మేతలాగే అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. పేగు వాటిని పీల్చుకుని కాలేయానికి పంపుతుంది, కాలేయం మళ్లీ ఆల్బుమిన్ కడుతుంది. అంటే సొంత నెత్తుటి మాంసకృత్తుల్ని విడగొట్టి తిరిగి వాడుకునే పనిలో పేగుకూ వాటా ఉంది. 1960ల మొదట్లో రేడియోధార్మిక గుర్తు వేసిన ఆల్బుమిన్‌ను రక్తంలోకి ఎక్కించి, పేగుల్లోకి ఎంత దిగుతోందో శాస్త్రవేత్తలు కొలిచారు.

నట్టలు పొట్ట గోడను గాయపరిస్తే ఆ ఊట ధారవుతుంది. పేగు ఎంత విడగొట్టి వెనక్కి పంపినా కొంత యూరియాగా మూత్రంలో పోతుంది. నెత్తుటితో దిగిన ఇనుములో ఎక్కువ భాగం పెంటికల్లోనే పోతుంది. కాలేయానికి సరుకు చాలక గొర్రె తన కండనే కరిగించుకుంటుంది. ఆల్బుమిన్ తగ్గి నీరు నాళాల్లో నిలవదు, పగలంతా తల వంచి మేసే గొర్రెకు దవడ కిందికి దిగుతుంది. అందుకే ఆ వాపు సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి కొంత తగ్గుతుంది.

కరువు ఏడాది మందు ఒక్కటే పోసి ఊరుకుంటే చాలదని చెప్పేది ఇందుకే. పోయిన మాంసకృత్తు మేతలో రావాలి. ఈనిన గొర్రెకు రోజూ కొంచెం వేరుశనగ చెక్క పెట్టినా తట్టుకునే శక్తి పెరుగుతుంది. బుడ్డలు పండించే జిల్లాలో గొర్రెకు చెక్క అందకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక మందు సంగతి. ఏటా అదే నెలలో, అదే మందును మందమొత్తానికి, అదీ బరువు తూచకుండా పోస్తే బతికి బయటపడేది మందుకు లొంగని నట్టే. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వర్గానికి నట్టలు లొంగకపోవడం మన దేశంలోనూ చాలాచోట్ల నమోదైంది. దక్షిణాఫ్రికాలో ఫాఫా మలాన్ అనే పశువైద్యుడు ఐదు రంగుల కార్డు తయారుచేశాడు. కింది కనురెప్ప లాగి లోపలి రంగును కార్డుతో పోల్చాలి. ఎర్రగా ఉన్నదాన్ని వదిలేయాలి, పాలిపోయినదానికి తూచి మందు పోయాలి. పాలిపోవడానికి కాలేయపు జలగ వంటి కారణాలూ ఉంటాయి కాబట్టి పెంటిక పరీక్ష తోడు కావాలి.

హీమాంకస్ పేగు మీదే గురిపెట్టిన టీకా కూడా ఉంది. తాగిన నెత్తుటిని అరిగించుకోవడానికి ఆ పురుగు పేగు గోడలోనూ ఎంజైములున్నాయి. వాటినే గొర్రెకు టీకాగా ఇస్తే గొర్రె నెత్తుటిలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. పురుగు ఆ నెత్తురు తాగగానే అవి దాని పేగుకు అంటుకుని అరుగుదలను దెబ్బతీస్తాయి. స్కాట్లాండ్‌లోని మోర్‌డన్ పరిశోధన సంస్థ కృషితో ఈ టీకా 2014లో ఆస్ట్రేలియా మార్కెట్లోకి వచ్చింది. దాన్ని పురుగుల నుంచే తీయాలి, మొదట మూడుసార్లు, ఆపైన ఆరేసి వారాలకు పొడవాలి. మన కాపరికి ఖర్చు భారమే. అయినా తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఇక్కడి మందలపై ఒకసారి పరీక్షించి చూడాలి.

అంతవరకూ ఆగనక్కరలేని పనులున్నాయి. తెలుగు అక్షరాలతో కనురెప్ప కార్డు ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉండాలి. మండలానికొక సూక్ష్మదర్శినితో పెంటిక పరీక్ష జరగాలి. కరువు సాయంలో గడ్డితోపాటు చెక్కనూ చేర్చాలి. కాపరి సోదరులారా, రేపు రొప్పం తెరిచేముందు నాలుగు గొర్రెల కనురెప్పలు లాగి చూడండి. తెల్లగా కనిపిస్తే వాటి పెంటికలు పట్టుకుని ఆసుపత్రికి రండి.